మడ అడవిలో ముడి

ప్రైవేట్ డిటెక్టివ్ ప్రభాకర్ దీవి పార్కు గేటు ముందు కారు దిగేసరికి తొమ్మిదీ నలభై. కేసు తేలిపోయి పన్నెండు రోజులైంది. పేపర్లో ఫొటో కూడా పడింది. తేలిపోయిన కేసు దగ్గరికి మళ్ళీ వెళ్ళడమంటే విస్తళ్ళు ఎత్తేశాక పంక్తిలో కూర్చోవడమే. అయినా గుడివాడ నుంచి స్వర్ణలత పొద్దున్నే ఫోన్ చేసి అడిగిన ప్రశ్న అతన్ని మచిలీపట్నం నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

"మా తమ్ముడి కెమెరా చూపించారండీ పోలీసులు. అందులో ఫొటోల కార్డు లేదు. ఆ చేపలాయనకి కార్డుతో ఏం పని?"

తమ్ముడంటే సాయికిరణ్. ఇరవై తొమ్మిదేళ్ళు. పార్కు వెనక మొదలయ్యే మడ అడవిలో పిట్టల్నీ బావురుపిల్లుల్నీ ఫొటోలు తీసేవాడు, పార్కుకి వచ్చినవాళ్ళకి తిప్పి చూపించేవాడు. పన్నెండు రోజుల కింద తెల్లవారేటప్పటికి అతని శవం పార్కు దిగువన ఉప్పుటేరులో, వల కట్టే గుంజకి నైలాన్ తాడుతో కట్టేసి కనబడింది. తల వెనక దెబ్బ. మొహానికి ఎర్ర తువ్వాలు. నోరు నొక్కడానికి తువ్వాలు చుట్టారనీ, శవం తేలి బయటపడకుండా తాడుతో కట్టారనీ పోలీసులు రాసుకున్నారు.

ఆ తాడు చూసి, "ఇది చేపలవాళ్ళు వేసే ముడి, అందులోనూ ఈ దిగువ పల్లెలవాళ్ళది" అని తేల్చి చెప్పిన ఘనుడు మన ప్రభాకరే. ఆ మాట పట్టుకుని వెళ్తే మూడు గంటల్లో ఏడుకొండలు దొరికాడు. రిజర్వు అడవిలో దొంగతనంగా వల వేస్తుంటే సాయికిరణ్ ఫొటో తీసి పట్టించిన మనిషి. "నీ అంతు చూస్తా" అని పదిమందిలో అరిచిన మనిషి. సాయికిరణ్ బండి కూడా అతని ఊరి మొదట్లోనే దొరికింది. అడిగితే, "కట్టింది నేనేనండి" అని ఒప్పుకున్నాడు. ఇంతకన్నా ఏ డిటెక్టివుకైనా కావలసిందేముంది?

"ముడి చూసి పట్టుకున్న బాబువి నువ్వేనా?"

గేటు పక్క గోడ నీడలో చేపల తట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి. స్టేషన్ మెట్ల మీద ఒకసారి చూసిన మొహమే. ఏడుకొండలు భార్య సత్యవతమ్మ.

"నేనేనమ్మా. ఏం కావాలి?"

"మా ఆయన్ని ఇయ్యాళ ఇక్కడికి తెస్తారంట, ఆ అబ్బాయి ఫోను ఎక్కడ పారేశాడో చూపించమని. కంటితో చూసి పోదామని వచ్చా. నిన్నొక మాట అడగాల. ఆ తువ్వాలు అబ్బాయితోపాటు కాల్చారా, లేదా?"

ప్రభాకర్‌కి అర్థం కాలేదు. "ఏ తువ్వాలు? మొహానికి చుట్టిందా? అది సాక్ష్యం. స్టేషన్లో ఉంటుంది."

"అయ్యో రాత!" సత్యవతమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "పోయినోడి మొహాన కప్పిన గుడ్డ వాడితోనే పోవాల బాబూ. బీరువాలో దాస్తారా ఎక్కడన్నా?"

"కప్పడమేంటమ్మా! చుట్టి, వెనక ముడేసి ఉంది."

"ముడెయ్యకపోతే నీళ్ళలో నిలుస్తదా? పీతలు మొహం మీదకి రావా?"

ఆ మాటకి ప్రభాకర్ జేబులోంచి తీయబోయిన పెన్ను తీయకుండానే ఆగిపోయాడు.

"తాడెందుకు కట్టాడు?" అని అడిగాడు.

"పాటుకి పోకూడదని. నీళ్ళు సముద్రానికి లాగుతా ఉంటే, కనబడ్డ మనిషిని వదిలేసి వస్తామా? వదిలేస్తే ఆ తల్లికి కొడుకు మొహమన్నా దక్కుద్దా? గుంజకి కట్టాల, మొహం కప్పాల, వచ్చి ఊరి పెద్దకి చెప్పాల. అప్పుడు నలుగురూ కలిసి పోలీసుల దగ్గరకెళ్ళాల. ఒక్కడే వెళ్తే నువ్వే చంపావంటారని మా పెద్దోళ్ళు పెట్టిన కట్టుబాటు అది. మా ఆయన వచ్చి పెద్దని లేపేలోపే అడవి గార్డులు చూశారు. తర్వాత మీరొచ్చారు."

"ఈ మాట పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పాడంట. నువ్వూ అక్కడే కూచున్నావంట గదా!"

నిజమే, అక్కడే ఉన్నాడు. బల్లకి అటుపక్క సి.ఐ. సుచిత్ర, ఇటుపక్క తను, మధ్యలో నేల మీద ఏడుకొండలు. "కట్టింది నేనేనండి. కట్టకపోతే పోతాడు గదండీ" అన్నాడు. మొదటి ముక్క సుచిత్ర రాసుకుంది. రెండో ముక్క చెవిన పడగానే ప్రభాకర్ తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ మాట అతనికి కొత్త కాదు మరి.

ప్రభాకర్ పుట్టింది గిలకలదిండిలో. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళి ఒక తుపానులో తిరిగి రాలేదు. అయిదో రోజున దివిసీమ వైపు నుంచి కబురొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో గుంజకి కట్టి ఉంచాం, మొహం కప్పి ఉంచాం, వచ్చి తీసుకెళ్ళండి అని. కట్టినవాళ్ళెవరో ఈనాటికీ తెలియదు. "ఆ తాడు కట్టినోడి కడుపు చల్లగుండాల" అని తల్లి బతికున్నన్నాళ్ళూ సందెదీపం పెట్టినప్పుడల్లా అనేది. తర్వాత ప్రభాకర్ చదువుకున్నాడు, బందరులో ఆఫీసు పెట్టాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా బతకడం నేర్చుకున్నాడు. పుట్టిన పేట పేరెత్తడం మానేశాడు. ఎవరైనా అడిగితే, నాన్నగారు రేవులో గుమాస్తాగా చేసేవారని చెప్పేవాడు.

ఆ రోజు స్టేషన్లో సుచిత్ర నవ్వుతూ, "ఈ ముడుల సంగతి మీకెలా తెలుసండీ?" అని అడిగింది. "పుస్తకంలో చదివాను" అన్నాడు. అంతే. ఆ అబద్ధం బయటికొచ్చాక, ఆ ముడి ఎందుకు వేస్తారో కూడా తెలుసని ఏ నోటితో చెబుతాడు? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వాడు కల్పించుకున్న సాకేలే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తెలియక చేసిన తప్పుకి క్షమాపణ ఉంది. ఇది ఆ రకం తప్పు కాదు. తన తండ్రి శవాన్ని తన తల్లికి దక్కించిన ముడినే చూపించి, ఆ ముడి వేసినవాణ్ణి హంతకుడన్నాడు.

సత్యవతమ్మ అతని వంకే చూస్తోంది. ఆమె కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది, కనీసం తిట్టించుకోవచ్చు.

"శవం ఎటువైపు నుంచి వచ్చిందో చూశాడా మీ ఆయన?" అన్నాడు, నేల చూస్తూ.

"పార్కు తూము వైపు నించి వచ్చాడంట, నెత్తి నిండా గుర్రపుడెక్క వేసుకుని. పెళ్ళికొడుకు బాసికంలా ఉందే అని ఇంటికొచ్చి ఏడ్చాడు."

డెక్క! పోలీసుల పంచనామాలో ఏడో అంశం ప్రభాకర్ కళ్ళముందు ఆడింది. 'తల వెంట్రుకలలో, చొక్కా జేబులో గుర్రపుడెక్క వేళ్ళు.' డెక్క లేని కాలవ దివిసీమలో ఎక్కడుందిలే అని అప్పుడు పేజీ తిప్పేశాడు. కానీ డెక్క మంచినీళ్ళ మొక్క. ఉప్పుటేరులో బతకదు. శవం ఉప్పుటేరులో దొరికింది. అంటే అంతకుముందు అది మంచినీళ్ళలో ఉంది.

ఈ చుట్టుపక్కల మంచినీళ్ళున్నది ఒక్కచోటే. కాలవ నీళ్ళతో నింపే పార్కు బోటింగ్ చెరువు. ఆ చెరువుకీ ఉప్పుటేరుకీ మధ్య ఒక తూము, ఆ తూముకి ఒక ఇనప షట్టరు.

* * *

పార్కు మేనేజర్ మోహన్ చెరువు గట్టున పెడల్ బోట్లు లెక్కచూస్తున్నాడు. నలభై లోపు వయసు, మడత నలగని తెల్లచొక్కా. ప్రభాకర్‌ని చూసి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. అప్పుడు టైము పదీ అయిదు.

"మళ్ళీ వచ్చారేంటండీ? పేపర్లో చూశాం. పార్కు పరువు కాపాడారు."

"ఒకటి రెండు చిన్న సందేహాలు. సాయికిరణ్‌ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"చెప్పాను కదండీ. సాయంత్రం ఆరూ పదికి బండి మీద గేటు దాటాడు. వెనకాలే నేను గేటు వేశాను."

"ఆ టైములో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండి. టికెట్లమ్మాయి అయిదున్నరకే బస్సుకి వెళ్ళిపోతుంది."

"తూము షట్టరు ఎప్పుడెత్తారు?"

మోహన్ రెప్ప వేయలేదు. "రెండు నెలలైందండీ. ఎత్తితే చెరువు ఖాళీ అయిపోతుంది, పోటుకి ఉప్పునీళ్ళు లోపలికొస్తాయి. జనం బోట్లెక్కేది దేనిమీద?"

"తాళం?"

"ఒక్కటే. నా దగ్గరే ఉంటుంది." నడుముకి వేలాడుతున్న తాళాలగుత్తి తట్టి చూపించాడు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ప్రభాకర్‌కి ఒక పాత రోగం ఉంది. తనకి తెలిసిన ముక్క ఎదుటివాడి మొహాన కొట్టి, ఆ మొహం ఎలా మారుతుందో చూడాలి. పదిహేనేళ్ళుగా అన్నం పెట్టిన విద్య అది.

"అదే నాకు అంతుపట్టడం లేదు మోహన్ గారూ. శవం తూము వైపు నుంచి డెక్కతో సహా కొట్టుకొచ్చిందిట. ఏడుకొండలు కళ్ళారా చూశాడట."

మోహన్ మొహం మారలేదు. తాళాలగుత్తి మీద చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. "అలా అన్నాడాండీ? మరి పోలీసులకి చెప్పాడా ఈ మాట?"

"ఇంకా లేదు."

"ఓహో" అన్నాడు మోహన్ నెమ్మదిగా. ఈలోగా గేటు దగ్గర జీపు హారన్ వినబడింది. "సి.ఐ. మేడం గారొచ్చినట్టున్నారు. ఒక్క నిమిషం, చూసొస్తానండి." వడివడిగా వెళ్ళిపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ప్రభాకర్ తల్లి వెయ్యిసార్లు చెప్పింది. ఆ మాట అప్పుడు గుర్తొచ్చిందా అంటే, రాలేదు. అతని మనసంతా తూము మీదే ఉంది.

* * *

తూము పార్కు వెనక కొసన ఉంది. నడిస్తే ఏడు నిమిషాలు. ఇటు చెరువు, అటు ఉప్పుటేరు, మధ్యలో సిమెంటు దిమ్మ, దాని మీద షట్టరు ఎత్తే ఇనప చక్రం. చక్రం తుప్పు పట్టి ఎర్రగా ఉంది, చూడగానే రెండు నెలలనేం, రెండేళ్ళయినా నమ్మేలా ఉంది. ప్రభాకర్ మోకాళ్ళ మీద కూర్చుని చక్రం కింది మరలున్న కడ్డీ మీద వేలు పెట్టాడు. వేలికి గ్రీజు అంటుకుంది. నల్లగా మారినది కాదు, ఇంకా పచ్చగా ఉన్నది. మరల మధ్య తుప్పు గీరుకుపోయి, లోపలి ఇనుము మెరుస్తోంది.

చెరువు వైపు మెట్లు చూశాడు. నీటి పైన జానెడు మేర నాచు ఎండి, గోడకి బెరడులా అంటుకుని ఉంది. నీళ్ళు ఒక్కసారిగా జానెడు దిగి, మళ్ళీ పూర్తిగా నిండలేదన్నమాట.

ఉప్పుటేరు వైపు తిరిగాడు. పోటు నిండి ఇప్పుడిప్పుడే వెనక్కి తీస్తోంది. మడచెట్ల ఊపిరివేళ్ళు నీళ్ళలోంచి మేకుల్లా పైకి లేచి ఉన్నాయి. వాటి వెనక కొమ్మల్లో, రెండు గట్ల పొడుగునా, ఒకే ఎత్తులో ఎండిన డెక్క పీచు చిక్కుకుని ఉంది. ఒక్క పచ్చి ఆకు లేదు. రోజూ వచ్చేదైతే పచ్చివీ ఎండువీ కలిసి ఉండాలి. ఇది ఒకేసారి వచ్చి ఒకేసారి ఎండింది. పది పన్నెండు రోజుల ఎండ తిన్నది.

ప్రభాకర్ వేళ్ళు మడిచి లెక్కేశాడు. ఇవాళ అమావాస్య. పన్నెండు రోజుల కిందంటే పున్నమి వెళ్ళిన తదియ. ఆ రాత్రి నిండు పోటు పదకొండు దాటాక. అక్కణ్ణుంచి తెల్లవారి అయిదు దాకా నీళ్ళు సముద్రానికి లాగుతూనే ఉంటాయి. ఆ పాటు చూసుకుని షట్టరు ఎత్తితే, చెరువులో ఉన్నది ఏదైనా సరే తెల్లారేసరికి సముద్రంలో కలవాలి. మనిషి కనబడడు. బండి తీసుకెళ్ళి ఆ పల్లె మొదట్లో వదిలేస్తే, ఇల్లు వదిలి ఎటో పోయాడనుకుంటారు. మధ్యలో ఒక చేపలవాడు అడ్డుపడి గుంజకి కట్టకపోయి ఉంటే, అసలు ఈ కేసే లేదు.

మోహన్ ఎందుకు చంపాడన్నది కూడా దిమ్మ మీద నిలబడి చూస్తే కనబడింది. కాస్త దూరంలో, ఏటి ఇవతలి గట్టునే మడచెట్లు నరికేసి, మొదళ్ళు మట్టితో కప్పి, కొత్తగా రొయ్యల చెరువు గట్లు లేపారు. రిజర్వు అడవి నడిబొడ్డున! మట్టి తవ్వే మెషిను చక్రాల గాడి పార్కు వెనక గేటు దాకా తిన్నగా వచ్చి ఆగింది. ఆ గేటు తాళం కూడా ఆ గుత్తిలోదే అయి ఉండాలి. సాయికిరణ్ కార్డులో ఏ ఫొటోలున్నాయో చెప్పడానికి ఇంక జ్యోతిష్కుడు అక్కర్లేదు.

దూరంగా పార్కు మోటారు బోటు టపటపమంటూ ఉప్పుటేట్లోకి దిగుతున్న చప్పుడు వినబడింది. సందర్శకులెవరో అనుకుని ప్రభాకర్ గ్రీజు మరకని ఫోన్లో ఫొటో తీశాడు. పదీ ముప్పై అయిదు.

* * *

సుచిత్ర కాంటీను పందిరి కింద టీ తాగుతూ కాగితాలు సర్దుకుంటోంది. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఎవరి ముందూ కుర్చీలోంచి లేవని మనిషని పేరు. ప్రైవేటు డిటెక్టివులంటే ఆమెకి పెళ్ళిలో పిలవని చుట్టాలతో సమానం. ప్రభాకర్ విషయంలో మాత్రం ఒక్క కేసుకి మెత్తబడింది. ఈ కేసుకే.

"రండి డిటెక్టివ్ గారూ. ఇంకో ముడి ఏదన్నా దొరికిందా?"

"ఏడుకొండలు చంపలేదు మేడం."

సుచిత్ర టీ గ్లాసు కింద పెట్టింది. "పొద్దున్నే ఏం తిన్నారు?"

"సాయికిరణ్ ఆరూ పదికి పార్కు దాటాడని చెప్పిందెవరు? మోహన్ ఒక్కడే. ఇంకో సాక్షి లేడు. తలలో డెక్క ఉందని మీ పంచనామాలోనే ఉంది, ఉప్పుటేట్లో డెక్క ఎక్కడిది? రెండు నెలలుగా ఎత్తలేదన్న షట్టరుకి కొత్త గ్రీజు ఉంది. చెరువులో పడ్డ శవాన్ని ఆ రాత్రి పాటుకి తూములోంచి వదిలేశారు. తాళం మోహన్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు."

"బాగుంది. మరి తాడు కట్టింది మోహనా?"

"ఏడుకొండలే."

"తువ్వాలు?"

"ఏడుకొండలే."

"నోరు నొక్కి, తాడుతో కట్టి, ఒప్పుకున్నవాడు చంపలేదు. గ్రీజు రాసినవాడు చంపాడు. అంతేనా?" ఆమె గొంతు పెరిగింది. "పన్నెండు రోజుల కింద ఇదే నోటితో మీరేమన్నారు? మీ మాట నమ్మి అరెస్టు చేశాను. పై ఆఫీసర్లకి మీ పేరు చెప్పాను. ఇప్పుడొచ్చి మాట మార్చుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ముడి శవాన్ని దాచడానికి వేసేదే అని నేను రాస్తే, అవునన్నారా, లేదా?"

"అన్నాను. అబద్ధం చెప్పాను."

కాంటీను అతను చట్నీ గరిట పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"ఆ ముడి దాచడానికి వేసేది కాదు మేడం, దక్కించడానికి వేసేది. శవం సముద్రంలోకి పోకుండా కట్టి, మొహం పీతలు తినకుండా కప్పి, ఊళ్ళో చెప్పడానికి వెళ్ళాడు. వాళ్ళ కట్టుబాటు అది. ఆ రోజు మన ముందే చెప్పాడు, కట్టకపోతే పోతాడు గదా అని. మీకు తెలియదు, మీరు రాసుకోలేదు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

"మీకెలా తెలుసు? ఆ పుస్తకంలో ఉందా?"

"పుస్తకం లేదు మేడం." ఈ మాట గొంతు దాటడానికి ముప్పై అయిదేళ్ళు పట్టినట్టనిపించింది. "మాది గిలకలదిండి. మా నాన్న చేపలు పట్టేవాడు. సముద్రంలో పోయాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇలాగే గుంజకి కట్టి, మొహం కప్పి మాకు దక్కించారు. మీ ముందు ఆ సంగతి చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అందుకని ఇంకొకణ్ణి జైలుకి పంపాను. ఇదంతా రాతపూర్వకంగా ఇస్తాను. కోర్టులో కూడా చెబుతాను."

సుచిత్ర ఎత్తిపొడుస్తుందనుకున్నాడు. పొడవలేదు.

"చెప్పుకోవడానికి నామోషీ పడాల్సిన సంగతా అది?" అంది. తర్వాత గబగబా కాగితాలు తిప్పి ఏడో అంశం దగ్గర వేలు పెట్టి చదువుకుంది. "డెక్క. నేనూ చూశాను దీన్ని. చూసి వదిలేశాను."

"ఏడుకొండలు ఏడి? ముందు అతన్ని అడగండి, శవం ఎటు నుంచి వచ్చిందో. అదే చెబుతాడు. ఇందాక మోహన్‌తో కూడా అన్నాను, ఏడుకొండలు అంతా చూశాడని..."

మాట సగంలో ఆగిపోయింది. తను ఏం చేశాడో ప్రభాకర్‌కి అప్పుడు తెలిసింది.

"ఏడుకొండలు ఎక్కడున్నాడు మేడం?"

"బోటులో వెళ్ళాడు." సుచిత్ర లేచి నిలబడింది. ఆమె కుర్చీలోంచి లేవడం ప్రభాకర్ చూడడం అదే మొదటిసారి. "ఫోను పారేసిన చోటు చూపించడానికి. కానిస్టేబుల్‌ని ఒకణ్ణి తోడిచ్చి పంపాను. బోటు డ్రైవరు సెలవులో ఉన్నాడని..."

"ఎవరు నడుపుతున్నారు?"

"మోహన్. తనే వచ్చి అడిగాడు, నాకు దారులన్నీ తెలుసు, నేను తీసుకెళ్తానని. పదిన్నరకి బయల్దేరారు." తర్వాతి మాట మరీ చిన్న గొంతుతో అంది. "పారిపోతాడేమోనని బేడీ బోటు కమ్మీకి తగిలించమన్నాను."

ఇద్దరూ పరిగెత్తారు. పడవల రేవు దగ్గర తాటాకు కొట్టం గోడకి బోర్డు ఉంది, లైఫ్ జాకెట్ లేనిదే బోటు ఎక్కరాదు అని. కింద పన్నెండు మేకులు. పదకొండు మేకులకి పదకొండు జాకెట్లు వేలాడుతున్నాయి. ఒక్క మేకు ఖాళీగా ఉంది.

బోటులో వెళ్ళింది ముగ్గురు. జాకెట్ వేసుకుంది ఒక్కడు.

సుచిత్ర కానిస్టేబుల్‌కి ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. మడ అడవిలోకి వెళ్తే సిగ్నల్ ఉండదని దారిన పోయేవాళ్ళకి కూడా తెలుసు. "ఇంకో బోటు! ఇంకో బోటు తీయండి!" అని అరిచింది. పార్కులో ఇంకున్నవి చెరువులోని హంస బొమ్మల పెడల్ బోట్లు. ఊళ్ళో మోటారు పడవలన్నీ తెల్లారకముందే వేటకి పోయాయి.

రేవు కింద ఒక చిన్న నావ కట్టి ఉంది. సత్యవతమ్మ చేపల తట్ట వేసుకుని ఊరి నుంచి వచ్చింది దానిలోనే. గోల విని ఆమె అప్పటికే గట్టు దిగి వచ్చింది. ఏం జరిగిందో ఎవరూ విడమర్చి చెప్పలేదు. ప్రభాకర్ మొహం చూసి గ్రహించినట్టుంది, చీర కుచ్చెళ్ళు పైకి దోపి నావ కట్టిన తాడు విప్పుతోంది.

"ఏ పాయలోకి తీసుకెళ్తాడు?" అన్నాడు ప్రభాకర్, బూట్లు విసిరేసి మోకాటి లోతు బురదలోకి దిగుతూ.

"లోతున్నది పాత మలుపు దగ్గరే. మనిషి మునిగితే తేలేది సముద్రంలోనే." ఆమె ఒక గెడ తీసుకుని ముందుకి వెళ్ళింది. "వెనక తొయ్యటానికి ఇంకో మనిషి కావాల. నా ఒక్కదాని వల్ల కాదు."

సుచిత్ర నావలోకి ఎక్కి, ఏం పట్టుకోవాలో తెలియక పక్క చెక్క పట్టుకుని కూర్చుంది. ప్రభాకర్ రెండో గెడ అందుకున్నాడు. ముప్పై అయిదేళ్ళ తర్వాత వెదురు అరచేతిలో పడింది. ఎక్కడ పట్టుకోవాలో చేతికి తెలుసు. ఒక్క తోపుకి నావ గట్టు వదిలింది.

సత్యవతమ్మ వెనక్కి తిరిగి, అతని చేతుల్ని చూసింది. కాళ్ళు వెడల్పుగా వేసి నిలబడిన తీరు చూసింది.

"ఎవరబ్బాయివి?" అంది.

"గిలకలదిండి అమ్మా. మా నాన్న నేర్పాడు." తోస్తూనే ఉన్నాడు. ఊపిరి అందడం లేదు, అయినా చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. "ఆ ముడి ఎందుకు వేస్తారో నాకు ఆ రోజే తెలుసు. తెలిసే నీ మొగుణ్ణి పట్టించాను. ఇందాక ఆ మేనేజర్ దగ్గర నోరు జారింది కూడా నేనే. నన్ను..."

"తెలుస్తానే ఉంది" అంది సత్యవతమ్మ, ముందుకి తిరిగి. "గెడ లోతుగా వెయ్యి."

పాటు నావని అందుకుంది. మడచెట్లు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి. మలుపు అవతల నుంచి బోటు ఇంజను చప్పుడు సన్నగా వినబడుతూనే ఉంది, టపటపటప. అది వినబడుతున్నంతసేపూ ప్రభాకర్ లోపల లెక్కపెట్టుకుంటూ తోశాడు. నలభై మూడో తోపు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది.

గెడలు ఆపి ముగ్గురూ విన్నారు. ఇంజను మళ్ళీ మొదలవలేదు. కాసేపటికి బరువైనదేదో నీళ్ళలో పడ్డ చప్పుడు వినబడింది. ఆ వెంటనే కమ్మీకి బేడీ కొట్టుకుంటున్న మోత, ఆగకుండా, అంతకంతకూ జోరుగా.